పెంటబండి తోలినోనికి కథ లేదు

మా అవ్వ తెల్లారకముందే లేచి పటేలు దొడ్లె పెండ తీసేది. మా తాత మోటబొక్కెనలు కుట్టేటోడు. కళ్ళంల తూర్పారబట్టినంక మేర కింద ఇన్ని గింజలు పోస్తే గొంగట్ల మూటగట్టుకొని తెచ్చేటోడట. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. జనగామల డిగ్రీ అయినంక ఎం.ఏ. ఇంగ్లీషుల చేరిన.

మొదటి పాఠాలల్లనే చాసర్ వచ్చిండు. 14వ శతాబ్దం చివర రాసిన కాంటర్‌బరీ కథలు. పీఠికలో యాత్రికులను ఒక్కొక్కరిని మనకు చూపిస్తడు. అండ్ల పాదిరి పక్కన అతని తోడబుట్టిన దున్నేటోడు ఉంటడు. బండ్లకు బండ్లు పెంట తోలినోడు. ఇంగ్లీషు పుస్తకంల పెంటను చూసుడు నాకు అదే మొదటిసారి. మనోడు వచ్చిండనుకున్న.

కాని క్లాసుల సారు చెప్పింది వేరు. మధ్యయుగాల మనిషి లోకాన్ని ఒక నిచ్చెన లెక్క చూసిండట. పైన దేవుడు, కింద దేవదూతలు, మనుషులు, పశువులు, చెట్లు, రాళ్ళు. మనుషులల్ల మళ్ళ మూడు వర్గాలు - ప్రార్థించేటోళ్ళు, యుద్ధం చేసేటోళ్ళు, పని చేసేటోళ్ళు. ఎవరి చోట్ల వాళ్ళుంటే అంతా సామరస్యమే. ఎంత అందమైన వ్యవస్థో అన్నడు. మాకు ముఖం నుంచి పాదాల దాక ఉన్న లెక్క పుట్టుకతోనే తెలుసు. మేము ఆ పాదాలల్ల గూడ లేము. వెనక బెంచిల కూసొని ఊకున్న. పరీక్షల ఆ సామరస్యం మీదనే ప్రశ్న వచ్చింది. సారు చెప్పిందే రాసిన. మంచి మార్కులు పడ్డయి. ఆ జవాబుల మా తాత మోట లేదు, మా అవ్వ గంప లేదు.

ఉద్యోగం వచ్చినంక మహబూబాబాద్ దగ్గర తండా బడిల పనిచేస్తున్నప్పుడు ఆ పుస్తకం మళ్ళ తీసిన. ఈసారి పరీక్ష లేదు. దున్నేటోడు బీదోళ్ళ కోసం కూలి తీసుకోకుండ కాలువలు తవ్వుతడు, ధాన్యం కొడతడు. చర్చికి పదోవంతు ఎగ్గొట్టకుండ కడతడు. కష్టమొచ్చినా సుఖమొచ్చినా దేవుణ్ణే ప్రేమిస్తడు. మనం దీన్ని వెట్టి అంటం. అక్కడ దీనికి పుణ్యం అని పేరు పెట్టిన్రు. పిండిమర నడిపేటోడు, వంటోడు గూడ నోరు తెరిచి కథ చెప్తరు. దున్నేటోనికి కథ లేదు. పుస్తకం పూర్తికాలేదు, ఇంక కొందరికి గూడ కథలు లేవని పండితులు సంజాయిషీ చెప్తరు. నిజమే. కాని 1542ల అచ్చయిన ప్రతిల ఎవరో రాసిన మతవాదాన్ని దున్నేటోని పేరు మీద చేర్చిన్రు. ఖాళీ జాగ దొరికితే మన పేరు మీద వేరేటోళ్ళు మాట్లాడుడు అక్కడ గూడ ఉంది.

ఆ సామరస్యం అబద్ధమని ఆ కాలమే చెప్పింది. 1348ల ప్లేగు వచ్చి ఊర్లకు ఊర్లు పోయినయి. పనోళ్ళు తక్కువై కూలి పెంచమన్నరు. 1351ల చట్టం తెచ్చి పాత కూలికే పనిచేయాలన్నరు. 1381ల జనం తిరగబడి లండన్ల జొరబడ్డరు. చాసర్ దోస్తు గోవర్ ఆ జనాన్ని గాడిదలు, ఎడ్లు, పందులుగా మారినట్టు రాసిండు. చాసర్ ఆ గోల ముచ్చటను నక్కను తరిమే ఒక నవ్వులాట కథల ఇంత తీసి వదిలేసిండు. నోరిప్పని దున్నేటోడు సాధువు, నోరిప్పినోడు పశువు. మధ్యయుగ దృక్పథం అంటే నాకు సమజైంది ఇదే.

మరి మన దగ్గర? చాసర్ కంటె ముందే జనగామ పక్కన పాలకుర్తి సోమన ద్విపదల బసవపురాణం రాసిండు. మాదార చెన్నయ్య ఇంట్ల శివుడు అంబలి తాగిన కథ అండ్ల ఉంది. అది చిన్న మాట కాదు. కాని అదే కొలతతో దాన్ని గూడ కొలవాలె. చెన్నయ్య భక్తుడైనందుకే పెద్దోడైండు. భక్తి లేని మాదిగోని అంబలి సంగతేంది? మనూరి కవి అని ఈ ప్రశ్నను మింగొద్దు. అదే పాలకుర్తిల చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశముఖ్‌కు ఎదురు నిలబడ్డది. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిండు. 1381 పాఠం చెప్పెటప్పుడు మా జిల్లాల పుట్టిన ఈ పేర్లు ఒక్కటి గూడ మా క్లాసుల వినపడలె.

ఇప్పుడు భూపాలపల్లిల పనిచేస్తున్న. ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్లలను ‘మా ఇంట్ల చేసే పని’ మీద రాయమన్న. గుంట భూమి లేని పిల్లలు గూడ ‘వ్యవసాయం’ అని రాసిన్రు. కైకిలి అని ఒక్కరు రాయలె. వాళ్ళను ఏమనను? నేను పరీక్షల రాసింది గూడ అసొంటి జవాబే. బోర్డు మీద ‘మా అవ్వ పెండ తీసేది’ అని రాసిన. క్లాసంత సప్పుడు లేదు. కొంచెంసేపటికి ఒక పిలగాడు తన కాగితం వాపసు అడిగిండు. వ్యవసాయం కొట్టేసి, ‘మా అమ్మ పత్తి ఏరవోతది, నాయిన బొగ్గు లారీల మీద హమాలి’ అని రాసిచ్చిండు.

చాసర్‌ను చదవొద్దని నేను అనను. చదవాలె. కథ ఎవరికి ఇయ్యలేదో వెతుక్కుంట చదవాలె. ఎం.ఏ.ల నేను రాయవలసిన జవాబు ఇది. ఆలస్యంగనైనా ఇక్కడ రాస్తున్న.