మొహావీ మరుభూమియందలి కాఠిన్యము: ‘ఫాలౌట్: న్యూ వేగస్’ విమర్శ

కృతికి కాఠిన్యము గుణమా దోషమా యను విచారము మన యాలంకారికులలో ప్రాచీనమైనది. ద్రాక్షాపాకమును నారికేళపాకమును వేర్వేరుగా జెప్పినవారు ఆ రెండింటిలో నొకదానిని నింద్యమని త్రోసివేయలేదు. టెంకాయను బగులగొట్టు శ్రమకు లోపల కొబ్బరియు నీరును ఫలముగా నుండవలయును. అవి యున్నచో శ్రమ రుచిని బెంచును. లేనిచో అది వట్టి టెంకను గొట్టుటయే యగును. ఈ కొలతను నేటికాలమున బుట్టిన యొక క్రొత్త కళారూపమునకు బట్టి చూచుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

వీడియో గేములలో రోల్‌ప్లేయింగ్ అను జాతి యొకటి, షూటర్ అను జాతి వేరొకటి. మొదటిదానియందు ఆటగాడు ఒక పాత్రను ధరించి, దానికి బలము, బుద్ధి, వాక్చాతుర్యము మొదలగు గుణములను దానే కూర్చి, దాని నడవడిని దానే నిర్ణయించును. కథ యా నిర్ణయముల ననుసరించి చీలును. రెండవదానియందు గురిచూచి తుపాకి పేల్చుటయే ప్రధానము. ఈ రెండును గలసిన కృతులలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది 2010వ సంవత్సరము అక్టోబరులో వెలువడిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’. నిర్మించినవారు అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ వారు. ప్రకటించినవారు బెథెస్డా సాఫ్ట్‌వర్క్స్ వారు. నిర్మాణమునకు సూత్రధారి జాష్ సాయర్.

కథ సంగ్రహముగా నిట్టిది. 2077వ సంవత్సరమున జరిగిన అణుయుద్ధముచే లోకము దగ్ధమైనది. 2281వ సంవత్సరమున, అమెరికాదేశపు నెవాడా ప్రాంతమునందలి మొహావీ యెడారిలో, ఒక వార్తాహరుడు మూటను గొనిపోవుచుండగా బెన్నీ యనువాడు వానిని దుపాకితో గాల్చి గోతిలో బాతిపెట్టును. గుడ్‌స్ప్రింగ్స్ అను పల్లెలో వైద్యునిచే బునర్జీవితుడై యా వార్తాహరుడు శత్రువును వెదకుచు వేగస్ నగరమునకు బయనమగును. అచ్చట హూవర్ ఆనకట్టకొరకు మూడు శక్తులు పోరుచుండును: ప్రజాపాలన పేర విస్తరించుచున్న న్యూ కాలిఫోర్నియా రిపబ్లిక్ ఒకటి, రోమక సామ్రాజ్యమును వేషముగా దాల్చి దాస్యమును ధర్మముగా నడపు సీజరు సేన రెండవది, నగరమునేలు ధనికుడు హౌస్ మూడవవాడు. కొలరాడో నదిపై 1930వ దశకమున గట్టబడిన యా యానకట్ట కల్పితము గాదు, నేటికిని నిలిచియున్నది. కావున కథకు మూలమైన కలహము నీటికొరకును విద్యుత్తుకొరకును జరుగు కలహము. ఈ విషయమును మనస్సున నుంచుకొనిననే కాఠిన్యవిచారము సుగమమగును.

ఈ కృతియందు కాఠిన్యము మూడు విధములుగా గానవచ్చుచున్నది. వానిని సంఖ్యాకాఠిన్యము, నియమకాఠిన్యము, స్థలకాఠిన్యము అని వ్యవహరింపవచ్చును.

మొదటిది సంఖ్యాకాఠిన్యము. ఆటగాడు కోరుకొనుటకు మిక్కిలి సులభము మొదలు మిక్కిలి కఠినము వరకు నైదు మెట్లు గలవు. చివరి మెట్టున ఆటగాని తూటా శత్రువునకు జేయు హాని సగమగును. శత్రువు తూటా యాటగానికి జేయు హాని రెండింతలగును. నడిమి మెట్టుతో బోల్చినచో పోరు నాలుగింతలు ప్రతికూలమైనదన్నమాట. అయినను మారినది యంకెయే, లోకము మారలేదు. శత్రువు మునుపటికన్న దెలివిగా నడువడు, క్రొత్త యెత్తు వేయడు, తోడివారిని బిలుచుకొనిరాడు. తలకు టోపియైన లేని దారిదోపిడికాడు నుదుట బెక్కు తూటాలు నాటినను నిలిచియే యుండును. వాడు వీరుడగుట లేదు, తూటాలను మ్రింగు గోనెసంచి యగుచున్నాడు. క్షేమేంద్రుడు కావ్యమునకు బ్రాణముగా జెప్పిన యౌచిత్య మిచ్చట భంగపడుచున్నది. నాయకుడే యొక తూటాకు గోతిపాలైన కథలో, నీచపాత్ర పెక్కు తూటాలకును జావకుండుట కథ తన్ను దానే ఖండించుకొనుట.

అయినను ఈ సంఖ్యాకాఠిన్యమునుండియే, నిర్మాతలు కోరిరో లేదో గాని, యొక యపూర్వఫలము గలిగినది. ఈ కృతియందు సంభాషణమునకు బలము గలదు. వాక్చాతుర్యము, వర్తకము, వైద్యము మొదలగు విద్యలలో నియతమైన ప్రావీణ్యము గలవానికి మాటలచేతనే కార్యసిద్ధి యగును. ఆ ప్రావీణ్యపు మేర యే మెట్టుననైనను నొక్కటియే. కాఠిన్యము హెచ్చినను అది హెచ్చదు. తుది ఘట్టమున సీజరు సేనాని లానియస్ యెదుర నిలిచినప్పుడు వాక్చాతుర్యము నూటికి నూరు పాళ్ళు గలవాడు అతనిని యుక్తులచే నొప్పించి, కత్తి దూయకయే మరలింపగలడు. సులభమైన మెట్టున ఈ సంభాషణము పలుదారులలో నొక దారి మాత్రమే. అచ్చట తుపాకియు నంత చవుకయే. కఠినతమమైన మెట్టున తూటా బలము సగమై, మాట బలము తరుగక నిలిచియుండుటచే, శస్త్రముకన్న వాక్కు శ్రేష్ఠమను నర్థము ఉపదేశముగా గాక యనుభవముగా సిద్ధించుచున్నది. ప్రారంభమున గుణములను గూర్చుకొనునప్పుడు తుపాకివిద్యకు బదులు వాక్కును నమ్మినవాడు తొలినాళ్ళ బోరులలో నెన్నియో మారులు చచ్చును. తుదిని వానికి దక్కు విజయము అందరి విజయముకన్న వేరైనది.

రెండవది నియమకాఠిన్యము. దీనిని ఆ క్రీడలో హార్డ్‌కోర్ అని పిలుతురు. ఇది పై యైదు మెట్లతో సంబంధము లేక వేరుగా నెన్నుకొనదగినది. దీనినెన్నుకొనినవానికి ఆకలి, దప్పి, నిద్రలేమి యను మూడు బాధలు క్రమముగా బెరుగుచుండును. వానిలో నేదైనను వేయి పాళ్ళకు జేరినచో మరణమే. తూటాలకు బరువు గలుగును. గాయమునకు బొడుచుకొను మందు తత్క్షణమే గాక మెల్లమెల్లగా బనిచేయును. విరిగిన కాలుసేతులు నిద్రచే బాగుపడవు. వైద్యునికడకో వైద్యపు సంచికో పోవలయును. తోడువచ్చిన సహచరుడు పోరున నేలగూలినచో, ఇతరవిధమునందువలె మూర్ఛ తేరి లేవడు, మరణించును.

అవధానమునందు నిషిద్ధాక్షరి నెరిగినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. పద్యము చెప్పవలసిన అవధానికి పృచ్ఛకుడు, వచ్చునని యూహించిన యక్షరమును వలదనును. అవధాని వేరొక యక్షరమును, దానితో వేరొక పదమును, దానితో వేరొక భావమును వెదకుకొనవలసివచ్చును. పది పద్యములకు మారుగా నలువది పద్యములు చెప్పుమనుట శ్రమను బెంచుట. ఒక యక్షరమును నిషేధించుట బుద్ధిని మేల్కొల్పుట. తూటాకు బరువు గలిగినంతమాత్రమున ఆటగాడు పది తుపాకులను మోయుట మాని రెండింటిని ఎన్నుకొనవలసివచ్చును. పయనమునకు ముందు ఎంత నీరు, ఎంత తిండి, ఎన్ని తూటాలు అని లెక్కించుకొనును. అణుధూళి గలసిన మురికినీటికడ నిలిచి, దప్పిని దీర్చుకొని విషమును ద్రాగుటయా, విషమును దప్పించుకొని దప్పితో నడచుటయా యని తర్కించును. నీటికై రాజ్యములు పోరుచున్నవని కథ చెప్పుచుండగా, దోసెడు నీటికై తానును తడబడుచున్నవానికి ఆ కలహము పరాయిది గాజాలదు. ఇచ్చట కాఠిన్యము కథకు వ్యాఖ్యానమైనది.

సహచరుల విషయమున ఈ నియమము మరింత లోతైనది. నోవాక్ అను నూరిలో బూన్ అను మాజీ సైనికుడు రాత్రులు కావలి కాయుచుండును. అతని భార్యను ఆ యూరివారే యొకరు సీజరు సేనకు దాసిగా నమ్మిరి. ఆ ద్రోహిని గనుగొనుట ఆటగానికి గలుగు పని. అటుపిమ్మట బూన్ తోడుగా వచ్చును. నియమము లేనిచోట బూన్ ఎన్నిమారులు పడినను లేచును గనుక, వానిని ముందునకు దోసి వెనుక దాగుట యుక్తియే యగును. నియమమున్నచోట అట్టి యుక్తి స్నేహద్రోహమగును. వాని దుఃఖమును విన్న చెవులు గలవాడు వానిని మృత్యుముఖమునకు బంపుటకు వెనుదీయును. కరుణ యను భావమునకు మూల్యము గలిగినప్పుడే కరుణకు రసత్వము గలుగును.

ఇట్లయినను ఈ నియమకాఠిన్యము సంపూర్ణముగా నిర్వహింపబడలేదు. ఆకలిదప్పులు మిక్కిలి మెల్లగా బెరుగును. తిండియు నీరును అడుగడుగునను దొరకును. కొంత దూరము నడచిన పిమ్మట సంచి నిండి, బాధ కేవలము లెక్కగా మిగులును. నిర్మాణసూత్రధారి యగు సాయర్ క్రీడ వెలువడిన పిమ్మట తానే విడిగా నొక సవరణను బ్రకటించి, అందు మోయదగిన బరువును దగ్గించి, ఆకలిదప్పుల వేగమును బెంచెను. కవి తన కావ్యమునకు దానే శోధనము చేసికొనినట్టిది యిది; లోపమున్నదనుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు. రెండవ లోపము మరింత పెద్దది. ఆటగాడు తన స్థితిని ఎప్పుడు వలసిన నప్పుడు భద్రపరచుకొని, కీడు మూడినచో వెనుకకు మరలవచ్చును. బూన్ చనిపోయిన క్షణముననే కాలమును వెనుకకు ద్రిప్పువానికి ఆ మరణము మరణము గాదు. నియమము ముందు వాకిలిని మూసి పెరటి తలుపును దెరచియుంచినది.

మూడవదగు స్థలకాఠిన్యము ఎవ్వరును కోరుకొనునది గాదు. అది యందరికిని సమానము. గుడ్‌స్ప్రింగ్స్ నుండి వేగస్ ఉత్తరదిక్కుననే, చేరువనే కానవచ్చును. కాని యుత్తరపు దారిలో డెత్‌క్లా యను మహామృగములును, కసాడోర్ అను విషపుటీగలును గాచియుండును. స్లోన్ అను చిన్న యూరివారు ముందే హెచ్చరింతురు. కావున ప్రయాణికుడు దక్షిణముగా దిరిగి ప్రిమ్, నిప్టన్, నోవాక్‌ల మీదుగా బోవలయును. ఈ చుట్టుదారియందే రిపబ్లిక్కుయొక్క యసమర్థతను, సీజరు సేనయొక్క క్రౌర్యమును వాడు కన్నులార జూచును. నగరమును జేరునప్పటికి ఏ పక్షమును జేరవలయునో తర్కించు యోగ్యత వానికి గలిగియుండును. అడ్డు పెట్టినది మృగము. అడ్డముచే నేర్పినది రాజనీతి. కాఠిన్యము కథాశిల్పమున నింతగా లీనమైన తావు ఈ కృతియందు మరియొకటి లేదు.

దీనితో 2015వ సంవత్సరమున బెథెస్డా గేమ్ స్టూడియోస్ వారు వెలువరించిన ‘ఫాలౌట్ 4’ను బోల్చి చూడదగును. అందలి కఠినతమ శ్రేణియగు సర్వైవల్‌ను 2016వ సంవత్సరమున సంస్కరించిరి. పరుపుపై నిద్రించినప్పుడే స్థితి భద్రమగునట్లును, తలచినచోటికి క్షణములో జేరు సౌకర్యము లేకుండునట్లును జేసిరి. మునుపు జెప్పిన పెరటి తలుపు ఇట్లు మూయబడినది. బాస్టన్ పరిసరముల నడచియే తిరుగవలసివచ్చుటచే బ్రతి వంతెనయు, ప్రతి సందును మనస్సున నాటుకొనును. ఉక్కుసోదరసంఘముతో గూడినవానికి విమానముల తోడ్పాటు దొరకును. ఇన్‌స్టిట్యూట్‌తో గూడినవానికి దాని మాయాద్వారమున రాకపోకలు గలుగును. కావున పక్షమును ఎన్నుకొనుట దారిని ఎన్నుకొనుటయే యగును. కాని యందలి సంభాషణము నియతమైన మేరగాక యదృష్టముపై నాధారపడినది. మీదుమిక్కిలి, అపహరింపబడిన పసిబిడ్డను వెదకు తండ్రి గాని తల్లి గాని పరుపు దొరకినచోటనెల్ల బండుకొనవలసివచ్చుట కథాత్వరకు విరుద్ధము. నియమమున ‘ఫాలౌట్ 4’ అధికము. నియమమునకును కథకును గల పొందికయందు ‘న్యూ వేగస్’ అధికము.

కఠినతమమైన మెట్టున ముగించినవాడే కృతిని నిజముగా నెరిగినవాడని కొందరు గర్వింతురు; ఆట వినోదమే గనుక కష్టముతో బని యేమని కొందరు తీసివేయుదురు. ఈ రెండు వాదములును కాఠిన్యమును ఒకే వస్తువుగా భావించుటచే గలిగినవి. సంఖ్యాకాఠిన్యము చేతివడిని, కంటిచురుకును బరీక్షించును. అది వయస్సు మీరినవారిని, చేయి వణకువారిని, తీరిక లేనివారిని బయటనే నిలుపును, లోనికి వచ్చినవారికి గ్రొత్త యర్థమును జాల తక్కువగా జూపును. నియమకాఠిన్యము అట్టిది గాదు. ‘న్యూ వేగస్’ యందు మిక్కిలి సులభమైన మెట్టుననే యుండి, హార్డ్‌కోర్ నియమమును మాత్రము కోరుకొనవచ్చును. ఆది నుండి తుది వరకు దానిని విడువకున్నచో దానికై యేర్పరచిన బిరుదు అట్టివానికిని దక్కును. చేయి వణకు ముదుసలియు ఆ యెడారి దప్పిని దెలిసికొనవచ్చును, తోడివానిని గోల్పోవుట యెట్టిదో యెరుగవచ్చును. నిర్మాతలు ఈ రెండు తాళములను వేర్వేరుగా నుంచుట ఈ కృతికి గల గొప్పదనములలో నొకటి. టెంకను బగులగొట్టు బలము లేనివారికి సయితము కొబ్బరి యందునట్లు చేసిన కాఠిన్యమే యుత్తమమైనది. టెంకనే మందముచేసి లోని నీటిని మరచినది యధమము. ఈ కొలతచే జూచినచో ‘న్యూ వేగస్’ లోపములతో గూడియు నుత్తమపక్షముననే నిలుచుచున్నది.