బొగ్గుబాయి నడుముకు చేతివైద్యం

తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు టబ్బులు నింపిన తరం, బాయిలో వంగి వంగి నడుము అరగదీసుకుంది. ఆ పని యంత్రాలకు పోయింది, నొప్పి మాత్రం పోలేదు. ఓపెన్ కాస్టులో డంపర్ ఆపరేటర్ షిఫ్టు చాలాభాగం సీట్లోనే గడుపుతాడు. గతుకుల దారిలో ప్రతి కుదుపూ సీటు గుండా వెన్నుపూసలకు చేరుతుంది. మాటిమాటికీ వెనక్కి చూసే మెడ కూడా పట్టేస్తుంది.

గోదావరిఖనిలో నడుము పట్టేసిన కార్మికుడి మొదటి భయం ఆపరేషన్, రెండోది మస్టర్లు (హాజరు) పోవడం. అందుకే కోత లేకుండా నయమవుతుందంటే ప్రాణం లేచొస్తుంది. అలాంటి మాట చెప్పే కైరోప్రాక్టిక్ అనే చేతివైద్యంలో నమ్మదగినదెంతో తెలుసుకోవడం మనకు అవసరం.

చేత్తో నొప్పి తీయడం మనకు కొత్తేమీ కాదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము తొక్కించుకోవడం ఊళ్లలో ఉన్నదే. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఎంత పేరు పొందిందో చెప్పక్కర్లేదు. కైరోప్రాక్టిక్‌ను 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టాడు. దాదాపు రోగాలన్నిటికీ వెన్నుపూస పక్కకు జరగడమే మూలమన్న ఆయన వాదం శాస్త్రం ముందు నిలవలేదు. చేతి పనితనం నిలిచింది.

ఆ పనితనం చూడాల్సిందే. రోగిని పక్కకు పడుకోబెట్టి, కింది కాలు చాపించి, పై మోకాలు వంచుతారు. ఒక చెయ్యి భుజాన్ని ఆపుతుంది. రెండో అరచేతి అడుగుభాగం నడుము కింద బిగుసుకున్న కీలు మీద ఆనుతుంది. మెల్లగా తిప్పుతూ కీలు ఇక కదలననే చోటికి తెస్తారు. రోగి ఊపిరి వదిలే క్షణంలో వేగంగా, కొద్ది దూరమే, ఒక్క నెట్టు. టక్‌మంటుంది. జరిగిన పూస వచ్చి కూర్చున్నదని చాలామంది అనుకుంటారు. నిజానికి కీలులోని ద్రవంలో ఒత్తిడి పడిపోయి వాయువు బుడగ ఏర్పడినప్పుడు వచ్చే చప్పుడది. అది రాకపోయినా మేలు జరగొచ్చు. బిగువు సడలి వంగడం తేలికైనప్పుడే వ్యాయామం మొదలుపెట్టాలి. నా దృష్టిలో ఈ వైద్యం అసలు విలువ ఆ వెసులుబాటే.

2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్, నడుము నొప్పికి మందులకన్నా ముందు చూడాల్సిన వాటిలో కాపడం, మర్దనతో పాటు ఈ చేతి చికిత్సనూ చేర్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పికి దీన్ని ఒక మార్గంగా సూచించింది. మనవాళ్లు ఎంతో నమ్మే నడుము బెల్టును, ట్రాక్షన్‌ను మాత్రం మామూలు చికిత్సగా వద్దంది.

మెడ సంగతి వేరు. విసురుగా తిప్పితే, అరుదుగానైనా, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ చిరిగి పక్షవాతం రావచ్చు. సెలూన్‌లో తల మర్దన చివర మెడ టక్కున తిప్పించుకునే అలవాటు ఈరోజే మానాలి. మన దేశంలో కైరోప్రాక్టర్లకు ప్రత్యేక చట్టబద్ధ కౌన్సిల్ లేదు కాబట్టి, బోర్డు చూసి వెన్ను అప్పగించొద్దు. ఎక్కడ చదివారో అడగండి. పరీక్షించకుండా చెయ్యి వేసేవారి దగ్గర ఆగొద్దు.

పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా ఎవరి చేతివైద్యమూ వద్దు. వెంటనే ఏరియా ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు ఆపరేషనే కాలును కాపాడొచ్చు, అదీ ఆలస్యం చేయకపోతేనే.