వెనక్కి బాగా వచ్చే ప్లేయర్

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు ముందుగా అడిగేది ఇదే: "ఏ ప్లేయర్ వాడమంటారండీ?" వెనక్కి బాగా వచ్చేది వాడండి అంటాను. చాలామంది నవ్వుతారు.

పాటలు వినే ప్లేయర్ ఆపిన చోటి నుంచే మొదలైతే సరిపోతుంది. విన్నది టైప్ చేసే మన పనికి అలా కుదరదు. మళ్లీ నొక్కగానే కాస్త వెనక నుంచి అందుకోవాలి. ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ అనే ప్లేయర్‌లో ఎంత వెనక్కి రావాలో మనమే పెట్టుకోవచ్చు. నేను 2 సెకన్లు పెట్టుకుంటాను. అంతకు తగ్గితే సగం మాట పోతుంది, పెరిగితే విన్నదే వింటూ పొద్దు గడిచిపోతుంది. వర్డ్‌లో టైప్ చేస్తుండగానే ప్లేయర్ కీలు పనిచేయాలి. ఫుట్‌పెడల్ ఉంటే ఆ కీల అవసరమూ ఉండదు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న టైలరులా మన చూపు పని మీదే ఉంటుంది, కాలి పని కాలు చేసుకుపోతుంది.

మనకు డబ్బు లెక్క లైన్ల మీద. స్పేస్‌లతో కలిపి 65 అక్షరాలు ఒక లైను. అందుకే స్పీడ్ పెంచాలనిపిస్తుంది. నిదానంగా చెప్పే డాక్టరైతే పెంచండి, తప్పులేదు. గొంతు కీచుమనకుండా వేగం మార్చే ప్లేయర్ అయితే చాలు.

కొందరు ఖరీదైన హెడ్‌ఫోన్స్ కొంటారు. అమెరికా డాక్టరు ఫోన్‌లో చెప్పిన డిక్టేషన్‌కు వాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. మామూలు ఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. 'ఎస్'నూ 'ఎఫ్'నూ వేరుచేసే శబ్దం చాలావరకు ఆ పైనే ఉంటుంది. రికార్డు కానిదాన్ని ఏ ఈక్వలైజరూ తెచ్చిపెట్టలేదు. మందుల పేర్లేమో ఒకేలా వినబడతాయి: సెలెబ్రెక్స్ కీళ్లనొప్పులకు, సెలెక్సా డిప్రెషన్‌కు, సెరెబిక్స్ మూర్ఛకు. చెవి తేల్చలేనప్పుడు వెనక్కి వెళ్లి జబ్బేమిటో, మోతాదెంతో మళ్లీ వినాలి. అప్పటికీ తేలకపోతే బ్లాంక్ వదిలి, టైమ్ వేసి క్యూఏకి (నాణ్యత చూసేవాళ్లకి) పంపాలి. ప్లేయర్‌లో నిమిషాలు, సెకన్లు స్పష్టంగా కనబడాలనేది అందుకే.

ప్లేయర్ కొనేముందు మీకొచ్చే ఫైళ్లు అందులో తెరుచుకుంటాయో లేదో చూసుకోండి. డిక్టేషన్ రికార్డర్ల డీఎస్ఎస్, డీఎస్2 ఫైళ్లను మామూలు ప్లేయర్లు తరచూ తెరవలేవు. అలాగని ఉచిత ఆన్‌లైన్ కన్వర్టర్‌లోకి ఎక్కించకండి. ఆ ఫైళ్లలో రోగి పేరు, జబ్బు రెండూ ఉంటాయి. వాటి గోప్యతకు అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కాపలా ఉంది.

ఇప్పుడు స్పీచ్ రికగ్నిషన్ డ్రాఫ్ట్ ఇస్తోంది, ఇక ప్లేయర్‌తో పనేముంది అనేవారూ ఉన్నారు. ట్రాన్స్‌క్రిప్షనిస్టు అనుమానం వస్తే బ్లాంక్ వదులుతాడు. యంత్రం చాలాసార్లు అనుమానం ఉన్నచోట కూడా ఏదో ఒక మందు పేరు నింపేస్తుంది. తప్పు నిండుగా, స్పెల్లింగ్‌తో సహా సరిగ్గానే కనబడుతుంది. దాన్ని పట్టాలంటే కళ్లు చాలవు, ఆడియో వెనక్కి తిప్పి వినాల్సిందే. ఆ డ్రాఫ్ట్‌ల ఎడిటింగ్‌కు మారినవాళ్లు పెడల్ అమ్మేయకండి.