ముఠాకక్షల చిత్రములు – బాలుర దృష్టి

పదునైదేండ్ల బాలుడు తెరపై కత్తిని చూచినప్పుడు వానికి కనబడునదియు, పెద్దలకు కనబడునదియు నొక్కటి కాదు. రాయలసీమ ముఠాకక్షల చిత్రములను విమర్శించువారు ఈ భేదమును తరచు విస్మరించుచున్నారు.

1999లో ‘సమరసింహారెడ్డి’ విజయము పొందిన పిమ్మట, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ మొదలగు చిత్రములు వెలువడినవి. వీనిలో హింస ప్రతినాయకుడు చేసిన నేరము, నాయకుడు చేసిన ధర్మము. కక్షలున్న పల్లెలో పెరిగిన బాలునకు హింస యనగా చీకటి పడినను ఇల్లు చేరని తండ్రి, బీడుపడిన చేను, కోర్టు వాయిదాలకై చేసిన అప్పు. వాడు దానిని తప్పనిదిగా భావింపవచ్చును. కత్తియే రక్ష యని నమ్మవచ్చును. కాని దాని వెల యెరుగును. హైదరాబాదు ప్రగతినగరులో అంతస్తుల మేడలలో పెరుగు బాలునకు ఆ వెల తెలియదు. వానికి తెలిసినది తొడగొట్టుటయు, గాలిలోనికెగురు సుమో బండ్లును, హాలులోని యీలలును.

2018లో త్రివిక్రమ్ శ్రీనివాస్ తీసిన ‘అరవింద సమేత వీరరాఘవ’ ఈ లోపమును గుర్తించినది. పేకాటలోని అల్పమైన పైకమునకై పుట్టిన కక్ష తరములను మ్రింగుటను, స్త్రీల దుఃఖమును అది చూపినది. ఆయుధమును దింపుటయే వీరమని చెప్పబూనినది. ఇది ప్రశంసార్హము. అయినను తండ్రి చావునకు ప్రతిగా నాయకుడు సాగించిన సంహారమును ఎంత సొగసుగా, ఎంత దీర్ఘముగా చూపినది! తుదకు ప్రతినాయకుని చంపువాడును నాయకుడే.

ఆల్బర్ట్ బండూరా యను మనశ్శాస్త్రజ్ఞుడు 1965లో ప్రకటించిన పరిశోధన యిచ్చట స్మరణీయము. బొమ్మను కొట్టినవాడు శిక్షింపబడుటను తెరపై చూచిన పసిపిల్లలు వానిని తక్కువగా అనుకరించిరి. కాని బహుమానమిత్తుమనగానే వారును తక్కినవారివలెనే ఆ చేష్టలను చేసి చూపిరి. శిక్ష చేతిని ఆపినది గాని నేర్చినదానిని చెరపలేదు. పసివారి విషయమును ఎదిగిన బాలురకు యథాతథముగా అన్వయింపరాదు. అయినను తొలి పోరాటమును కడపటి హితబోధ తుడిచివేయునని నమ్ముటకు ఆధారము లేదు.

మేము నిషేధమును కోరుట లేదు. పోరాటమునకు వెచ్చించిన శ్రద్ధనే, అందు కూలినవాని యింటికిని వెచ్చింపుడని దర్శకులను కోరుచున్నాము. తలిదండ్రులు బాలుని ప్రక్కన కూర్చుండి, “ఆ పడిపోయినవాని యింట ఈ రాత్రి ఏమి జరుగును?” అని యడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు వెదకిన బాలుడు ఈల వేయుటకు ముందు క్షణమైనను ఆగును.