వైయక్తిక ధర్మశాస్త్రం ఎక్కడ ఆగుతుంది? మచిలీపట్నం కలెక్టరు వ్యాజ్యంపై విమర్శనాత్మక పరిశీలన

న్యాయస్థానం ఏ చట్టాన్ని అన్వయించాలన్నది పైకి సాంకేతిక ప్రశ్న. అయితే ఆస్తి చివరకు ఎవరికి దక్కుతుందో తేల్చేది అదే. ‘మచిలీపట్నం కలెక్టరు వర్సెస్ కావలి వెంకట నారాయణప్ప’ వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ వెలువరించిన రెండు తీర్పులు ఇందుకు నిదర్శనం. హంసలదీవి సాగరసంగమం దాకా విస్తరించిన నాటి బందరు జిల్లాలో తలెత్తిన వివాదమిది.

హిందువుల వారసత్వానికి హిందూ ధర్మశాస్త్రమే వర్తిస్తుందని 1802 నాటి మద్రాసు మూడవ రెగ్యులేషన్ నిర్దేశించింది. వారసులు లేని బ్రాహ్మణుని ధనాన్ని రాజు గ్రహించరాదన్నది మనుస్మృతి నియమం. 1860లో ప్రివీ కౌన్సిల్ ఈ నియమానికి కట్టుబడలేదు. వారసులెవరూ లేరని రుజువైన క్షణంలోనే వైయక్తిక ధర్మశాస్త్రం పరిధి ముగుస్తుందనీ, ఆపై సాధారణ న్యాయం ప్రకారం ఆస్తి ప్రభుత్వపరమవుతుందనీ నిర్ణయించింది. అయితే ఆ ఆస్తిపై అంతకుముందే ఉన్న ట్రస్టులకు, బాధ్యతలకు ప్రభుత్వం లోబడాలని కూడా చెప్పింది.

1861 తీర్పులో వితంతువు చేసిన అన్యాక్రాంతం చర్చకు వచ్చింది. హిందూ వితంతువు హక్కుకు ఉన్న పరిమితులు ఆ హక్కులోనే అంతర్భాగమనీ, వారసులు లేనంత మాత్రాన అవి తొలగిపోవనీ కౌన్సిల్ భావించింది. కనుక ధర్మబద్ధమైన అవసరం లేని అన్యాక్రాంతాన్ని ప్రభుత్వం కూడా ప్రశ్నించవచ్చు.

విమర్శకు తావిచ్చేది ఇక్కడే. విడివిడిగా చూస్తే రెండు తీర్పులూ తర్కబద్ధమే. కలిపి చదివితే మాత్రం ప్రభుత్వ హక్కుకు అడ్డువచ్చిన ధర్మశాస్త్రం మొదటి తీర్పులో ఆగిపోయింది. ఆ హక్కుకు తోడ్పడే ధర్మశాస్త్రం రెండవ తీర్పులో కొనసాగింది. వారసుడెవరో తేల్చే శాస్త్రమే, వారసులు లేనప్పుడు ధనం ఎవరికి చెందాలో కూడా చెప్పింది. మొదటి భాగాన్ని స్వీకరించి రెండవ భాగాన్ని విడిచిపెట్టడానికి ఆధారం ఆ శాస్త్రంలో లేదు, న్యాయస్థానం గీసిన గీతలో ఉంది.

అమెరికాలోనూ ఇటువంటి గీతే వివాదాస్పదమైంది. భిన్న రాష్ట్రాల పౌరుల మధ్య వ్యాజ్యాలలో ఫెడరల్ కోర్టులు తమదైన సాధారణ న్యాయాన్ని అనుసరించవచ్చని 1842లో స్విఫ్ట్ వర్సెస్ టైసన్ తీర్పు అనుమతించింది. 1938లో ఈరీ రైల్‌రోడ్ వర్సెస్ టాంప్కిన్స్ తీర్పు దానిని తోసిపుచ్చి, ఆయా రాష్ట్రాల చట్టమే, వాటి న్యాయస్థానాల తీర్పులతో సహా, వర్తిస్తుందని స్పష్టం చేసింది. అక్కడ రాష్ట్ర చట్టానికి రాజ్యాంగం అండగా నిలిచింది. వలస భారతంలో ధర్మశాస్త్రానికి పాలకులు చేసిన రెగ్యులేషన్ తప్ప వేరే ఆసరా లేదు. దాని హద్దును నిర్ణయించినదీ ఆ పాలకుల న్యాయపీఠమే.

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. వారసులు లేని ఆస్తి బాధ్యతలతో సహా ప్రభుత్వానికి సంక్రమిస్తుందని 29వ సెక్షన్ చెబుతోంది. ఒకనాడు న్యాయమూర్తులు గీసిన గీతను నేడు శాసనసభ్యులు గీశారు. ఫలితం ఒకటే కావచ్చు. దాని వెనుక ఉన్న అధికారం మాత్రం ఒకటి కాదు. ఈ వ్యాజ్యాన్ని మళ్లీ చదవడం వల్ల ఒనగూరే ప్రయోజనం ఆ తేడాను గుర్తించడమే.