సంస్కృతము – గణకయంత్రము: ఒక ప్రవాదవిమర్శనము

సంస్కృతభాష కంప్యూటరులకు మిక్కిలి యనుకూలమైనదని యమెరికాదేశపు నాసాసంస్థవారు నిర్ణయించిరను మాట మన సభలయందును బాఠశాలలయందును దఱచుగా వినఁబడుచున్నది. మాటలాడెడి కంప్యూటరు సిద్ధించెనేని యది సంస్కృతమువలననే యని నాసావారు చెప్పుచున్నట్లు 2019వ సంవత్సరమున బొంబాయి ఐ.ఐ.టి. స్నాతకోత్సవమునఁ గేంద్ర మానవవనరులశాఖామాత్యులును బలికిరి. ఇతరులమాట యేల? రెండు సభలలో నేనును నీ మాటఁ జెప్పినవాఁడనే. రెండవ సభ ముగిసిన పిమ్మట, నాయొద్ద లఘుకౌముది చదివి యిప్పుడు కంప్యూటరుపనిలో నున్న శిష్యుఁ డొకఁడు సమీపించి, "గురువుగారూ, తాము సెలవిచ్చిన మాట యే గ్రంథమున నే పుటలో నున్నది?" అని యడిగెను. వార్తికమును భాష్యమును జూపక సూత్రార్థము చెప్పరాదని వానికి నేర్పినవాఁడను నేను. నాకుఁ బ్రత్యుత్తరము దోఁచలేదు. కొన్నిదినములకు మూలవ్యాసమును నతఁడే తెచ్చియిచ్చెను. అది చదివినమీఁదట నాకుఁ దోఁచిన విషయములను బండితులయెదుట నుంచుచున్నాను.

వ్యాసకర్త రిక్ బ్రిగ్స్ గారు. వ్యాసము 1985వ సంవత్సరపు వసంతకాలమున "ఏఐ మ్యాగజీన్" అను నాంగ్లపత్రికయం దచ్చుపడినది. బ్రిగ్స్ గా రప్పుడు కాలిఫోర్నియాలో నాసావారి ఏమ్స్ కేంద్రమునందలి యొక కంప్యూటరు పరిశోధనాలయమునఁ బనిచేయుచుండిరి. ప్రవాదమునకు మూల మింతియే. పరిశోధకుఁడు పత్రికకు వ్రాసిన వ్యాసము సంస్థయొక్క నిర్ణయ మెట్లగును? కళాశాలాధ్యాపకుఁ డొకఁడు నన్నయకాలమునుగూర్చి మన పత్రికకు వ్రాసెనేని దానిని బ్రభుత్వశాసన మందుమా?

ఇఁక వ్యాసమున నేమున్నది? యంత్రమునకు వాక్యార్థమును దెలుపుటకై యా కాలపు శాస్త్రజ్ఞులు వలవంటి యొక చిత్రమును గల్పించిరి. పదార్థములు ముడులు, వానిని గలుపు గీఁతలు సంబంధములు, ప్రతిగీఁతకును "కర్త", "ఫలము", "స్థానము" అని యొక పేరు. ఇది మన శాస్త్రములందలి శాబ్దబోధప్రక్రియకు మిక్కిలి సన్నిహితముగా నున్నదని బ్రిగ్స్ గారు గుర్తించిరి. స్నేహముచేత మైత్రుఁడు దేవదత్తునికై కుండలో నగ్నితో నన్నము వండుచున్నాఁడను వాక్యమును దీసికొని, దాని నొక పాకవ్యాపారముగా విడఁదీసి, కర్తృకర్మకరణసంప్రదానాధికరణములను, హేతువును వేఱువేఱుగా నిరూపించి, నాగేశభట్టాదులు చేసినపని యీ వలచిత్రమునకు సమానమని చూపిరి. పోలిక సరసమైనదే. శాబ్దబోధ మెఱిఁగిన వారెవ్వరును దానిని గాదనరు. మన దేశీయులు కొందఱు నోరెత్తకయున్న కాలమున విదేశీయుఁ డొకఁడు మంజూష పేరు యంత్రశాస్త్రజ్ఞుల చెవిని వేసినందులకుఁ గృతజ్ఞత చూపవలసినదే. మఱుసటి యేఁడు, 1986 డిసెంబరులో, బెంగుళూరున నీ విషయముమీఁదనే పండితులును యంత్రజ్ఞులును గూడి సభ చేసిరి.

అయిన నా వ్యాసము పోలికయే కాని ప్రయోగము కాదు. నిర్మించిన యంత్రముఁ గాని పరీక్షాఫలముఁ గాని యందు లేదు. మఱియు బ్రిగ్స్ గారు స్తుతించినది మనము మాటలాడెడు సంస్కృతమును గాదు, కాళిదాసుని సంస్కృతమును గాదు. శాస్త్రకారులు వాక్యార్థమును విప్పిచెప్పుటకై వాడిన పరిష్కారభాషను. ఈ భేదమును మన వక్తలు (నేనును వారిలోనివాఁడనే) విడిచివైచిరి.

ఇచ్చట నొక ప్రధానాక్షేపము. శాబ్దబోధము వాక్యమును దెలిసికొన్న పిమ్మటఁ బండితుఁడు చెప్పునది. "చైత్రుఁడు కర్తగాను గ్రామసంయోగము ఫలముగాను గల వర్తమానవ్యాపారము" అని నేను బలికినప్పుడు, ఏది కర్త యేది కర్మ యను నిశ్చయము నా బుద్ధియం దంతకుమున్నే జరిగియున్నది. యంత్రమునకుఁ గష్టమైన దా నిశ్చయమే. అది ముగిసినతరువాతఁ దెలుఁగువాక్యమునైనను దమిళవాక్యమునైనను నిట్లే విప్పవచ్చును. కావున నసందిగ్ధత శాస్త్రప్రక్రియకుఁ జెందిన గుణము. భాషకుఁ జెందినది కాదు. అదియుఁ గాక యా ప్రక్రియయైన నేకరూపమా? వైయాకరణులకు వ్యాపారము ముఖ్యవిశేష్యము, నైయాయికులకుఁ బ్రథమాంతార్థమైన చైత్రుఁడు, మీమాంసకులకు భావన. ఒక్క చిన్నవాక్యమునకు మూఁడు మతములవారు మూఁడువిధములుగా బోధమును జెప్పి శతాబ్దులుగా వాదించుచుండఁగా, యంత్ర మెవరి పక్షమును బట్టవలెను? బ్రిగ్స్ గారు వైయాకరణపక్షమును గ్రహించిరి. నాకది సంతోషమే. నైయాయికు లేమందురో!

లోకమున వాడుకలో నున్న సంస్కృతము సందేహరహిత మనుట సాహసము. "భవతి" యను రూపమును జూడుఁడు. అది తిఙంతమగును, "భవత్" శబ్దమునకు సప్తమ్యేకవచన మగును, భిక్షకు వచ్చిన వటువు గృహిణిని బిలుచు సంబోధనయు నగును. "రామాభ్యామ్" అన్నఁ దృతీయయో చతుర్థియో పంచమియో రూపమే చెప్పదు. "దధ్నా ఓదనం భుంక్తే", "పాణినా ఓదనం భుంక్తే", "భ్రాత్రా ఓదనం భుంక్తే" అను మూఁటియందును దృతీయయే. పెరుఁగు కలుపుకొనునది, చేయి సాధనము, తమ్ముఁడు తోడివాఁడు. సహశబ్దము లేకున్నను సహార్థమునఁ దృతీయ వచ్చునుగదా. (ఇచటఁ "బాణినా" యనఁగాఁ జేతితో నని, సూత్రకారునిచేత నని కాదు. ఆ పేరునకు రూపము "పాణినినా".) పెరుఁగుతోఁ దినుట, చేతితోఁ దినుట, తమ్మునితోఁ దినుట యని తెలుఁగునందును "తో" యొక్కటియే. ఈ విషయమున రెండుభాషలకును దారతమ్యము లేదు.

సంస్కృతమున నర్థసందేహమే లేకున్న భర్తృహరి వాక్యపదీయమున శబ్దార్థనిర్ణయమునకు సంయోగము, సాహచర్యము, ప్రకరణము మొదలైన హేతువులను లెక్కించుట యెందులకు? కవిరాజు రామకథను భారతకథను నొక్కశ్లోకమున నిమిడ్చి రాఘవపాండవీయమును రచింపఁగలిగిన దేభాషలో? మన పింగళి సూరన తెలుఁగున నా పేరుతోనే ద్వ్యర్థికావ్యము వ్రాసినది ప్రధానముగా నా సంస్కృతశబ్దముల బహ్వర్థతను నాధారము చేసికొనియే. ఏ గుణముచేత మన కవులు గర్వించిరో యా గుణమే మన భాషకు లేదని చెప్పి మనము గర్వించుచున్నాము.

అన్నింటికంటె బలవత్తరమైన సాక్షి పాణినియే. సందిగ్ధత లేకుండ విధి చెప్పుటకు లోకసంస్కృతము చాలునని యాయన తలఁపలేదు. లోకమున షష్ఠి కనేకార్థములు గలవు. ఆయన సూత్రభాషలో, వేఱు సంబంధము నిర్దిష్టము కానిచోట, షష్ఠి స్థానిని జెప్పుననియు, సప్తమి పరమం దున్న నిమిత్తమును, బంచమి పూర్వమం దున్న నిమిత్తమును జెప్పుననియు నియమించెను. ఆదేశమునకుఁ బ్రథమ. ఇక్కునకు యణ్ణు అచ్చు పరమగునప్పుడు వచ్చునను విధిచేత "అతి–అంత" యనునది "అత్యంత" మగుట మన బాలు రెఱిఁగినదే. ఇంతచేసియు సందేహము సంపూర్ణముగాఁ దొలఁగలేదు. మాహేశ్వరసూత్రములు పదునాలుగింటిలో ణకార మనుబంధముగా రెండుతావుల నున్నది. అణ్ ప్రత్యాహారమునం దే ణకారమును గ్రహింపవలెనో సూత్రము చెప్పదు, వ్యాఖ్యానమువలనఁ దెలియవలెను. సుమారు నాలుగువేల సూత్రములకు ముందే యీ చిక్కు.

ఈ ప్రవాదమును బరిహసించువారును గలరు. వారిలోఁ గొందఱు పాణినికిఁ గంప్యూటరునకు నేసంబంధమును లేదని త్రోసివేయుదురు. అదియు నజ్ఞానమే. 1959లో జాన్ బాకస్ గారు యంత్రభాషల వాక్యనిర్మాణమును జెప్పుట కొక లేఖనపద్ధతిని గల్పించిరి. 1960లో వెలువడిన ఆల్గాల్ భాషావివరణమునఁ బీటర్ నార్ గారు దానిని సంస్కరించి వాడిరి. 1967లో ఇంగర్‌మన్ గారు ప్రముఖ యంత్రశాస్త్రపత్రిక కొక లేఖ వ్రాసి, యిట్టిశక్తి గల లేఖనమును బాణిని పూర్వమే వాడియున్నాఁడు గావున దానికిఁ బాణిని–బాకస్ రూప మని పేరిడుట న్యాయమని సూచించిరి. ఆ పేరు నిలువలేదు. నిలువకుండుటయే మేలని నా యభిప్రాయము. బాకస్ గారి విధులు పూర్వపరనిమిత్తముల నపేక్షింపవు. పాణిని విధులలో ననేకములకు వానియపేక్ష ముఖ్యము. అనువృత్తి, ఉత్సర్గాపవాదన్యాయము, త్రిపాదియొక్క యసిద్ధత్వము నా లేఖనమునందు లేవు. అయిన నిమిత్తసహితముగా వర్ణమునకు వర్ణాంతరమును విధించు క్రమబద్ధమైన వ్యవస్థ యొకటి రమారమి రెండువేల నాలుగువందల యేండ్లకుఁ బూర్వము నిర్మింపఁబడెననుట సత్యము. దీనికి నాసావారి సాక్ష్య మక్కఱలేదు.

2022 డిసెంబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఋషి రాజ్‌పోపట్ గారి సిద్ధాంతవ్యాసమునుగూర్చి వార్తాపత్రికలు రెండువేల యైదువందల యేండ్ల చిక్కు విడినదని చాటినవి. విప్రతిషేధసూత్రమునఁ "బర" శబ్దమునకు వరుసలోఁ దరువాతి సూత్రమని కాక, కుడివైపున జరుగు కార్యమని యాయన యర్థము చెప్పిరి. కాత్యాయనపతంజలుల మార్గమును విడుచుటకుఁ జాలిన ప్రమాణము నాకుఁ గనఁబడలేదు. కాని సూత్రమును బట్టి, యుదాహరణములను బట్టి చేసిన వాదమది. ఖండించువాఁడును సూత్రములనే పట్టవలెను. అట్టి కలహము శాస్త్రమునకు హాని చేయదు.

మాటలాడు కంప్యూటరు సంస్కృతమువలన సిద్ధించునన్న జోస్యమేమైనది? 2022 నవంబరున వెలువడిన చాట్‌జీపీటీయు, దానివెనుక వచ్చినవియు మాటలాడుచునే యున్నవి. ఎవరును వానికిఁ గారకప్రకరణము చెప్పలేదు. అపారమైన లిఖితరాశిని యంత్రమునకుఁ జూపిరి. ఆ రాశిలో నాంగ్లమే మిక్కుటము. కాఁగా నిచట భాషయొక్క వ్యాకరణశుద్ధికంటె లిఖితసామగ్రియొక్క విస్తారమే ప్రయోజనకారి యైనది. మన తాళపత్రములందును, నచ్చుపడి మరల ముద్రణ లేని గ్రంథములందును నున్నదానిలోఁ జాలభాగ మా రాశిని జేరియుండదు. చేరినవానిలోఁ బాఠదోషములు మెండు.

సభలలో డంబము పలుకుచున్న మన మెఱుఁగనిపని యొకటి నిశ్శబ్దముగా జరుగుచున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున సంస్కృతశాఖవారు "సంసాధనీ" యను పేర సుబంతతిఙంతనిష్పత్తికి, సంధివిచ్ఛేదమునకుఁ, గారకనిర్ణయమునకు సాధనములను నిర్మించిరి. ఫ్రాన్సుదేశమున జెరార్ హ్యూఏ గారు సంస్కృతవాక్యమును బదములుగా విడఁదీయు యంత్రసాధనమును జేసిరి. పాణినీయకారకదృష్టితోఁ దెలుఁగు మొదలగు దేశభాషలను యంత్రమునకుఁ దెలుపు ప్రయత్నమునుగూర్చి 1995లోనే యొక గ్రంథము వెలువడినది. ఇట్టివారికిఁ గావలసినది స్తోత్రపాఠము కాదు; వేలకొలఁది వాక్యములను జదివి, యిచటఁ గర్మ, యిచట హేతువు, ఈ సమాసము బహువ్రీహి యని గుర్తులిడు పండితులు. కౌముది పూర్తిగాఁ జదివినవారు పల్లెలలోఁ గొందఱింకను గలరు. వారి నెవ్వరు నడుగుట లేదు.

నా శిష్యుఁడు నన్నడిగెను. అట్టి సాధనము విడఁదీసిన పాఠము లతఁ డప్పుడప్పుడు పంపును. సంభవము కానివానిని నేను గొట్టివేయుదును. గతమాసమున నేనే పరీక్షార్థ మొక వాక్యమును గూర్చి పంపితిని: "నతేనదృష్టోహరిః". వచ్చిన విభాగములలో ననర్హములు గొట్టివేయఁగా రెండు మిగిలినవి. నమస్కరించినవానిచేత హరి చూడఁబడెనని యొకటి, వానిచేత హరి చూడఁబడలేదని యొకటి. ఏది యుంచవలెనని యతఁడు వ్రాసెను. ప్రకరణము తెలియక చెప్పఁజాలనని బదులు వ్రాసితిని. ఆ ప్రకరణమును యంత్రమున కేరూపమునఁ జెప్పవలెనో దయచేసి సెలవిండని మొన్న మరల నుత్తరము వచ్చినది.