సంధిపత్రంలో లేనివారు: బర్మా సైనిక పాలన, తెలుగు వలస

ఒమాన్ ఉత్తర తీరంలోని షినాస్ నుంచి సముద్రం వెంబడి కొద్ది దూరం ఉత్తరంగా వెళితే ఎమిరేట్ల సరిహద్దు వస్తుంది. ఆ సరిహద్దుకు అవతలి దేశాన్ని 1971 వరకూ ‘ట్రూషియల్ స్టేట్స్’ అనేవారు. తెలుగులో చెప్పుకోవాలంటే సంధి రాజ్యాలు. యుద్ధవిరమణ ఒప్పందమే ఒక ప్రాంతానికి పేరుగా నిలిచిన సందర్భాలు చరిత్రలో అరుదు. 1810 జనవరిలో బ్రిటిష్ నౌకాదళమూ మస్కట్ పాలకుడు సయ్యిద్ సయీద్ బలగాలూ కలిసి షినాస్ కోటను ఫిరంగులతో బద్దలుకొట్టాయి. 1819 చివర రస్ అల్ ఖైమా వంతు వచ్చింది. ఆ తరవాత ఒప్పందాలు మొదలయ్యాయి: 1820లో సాధారణ సంధి, 1835లో ముత్యాల వేట సాగే కాలానికి మాత్రమే వర్తించే సముద్ర యుద్ధవిరమణ, 1853లో దానినే శాశ్వతం చేసిన మరో సంధి. నేల మీద షేకులు ఒకరితో ఒకరు తలపడితే ఆ కాగితాలకు పట్టింపు లేదు. సముద్రం మీద ఓడలూ ముత్యాలూ క్షేమంగా ఉండడమే వాటి లక్ష్యం. సంధికి పూచీ పడిన బ్రిటిష్ వారు క్రమంగా ఆ తీరానికి పెద్దలయ్యారు. ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి నీట మునిగిన కూలీలూ బానిసలూ మాత్రం ఆ ఒప్పందాలలో పక్షాలు కారు.

కాల్పుల విరమణ అనగానే మనం దాన్ని శాంతికి తొలి మెట్టుగా భావిస్తాం. ఎన్నాళ్ళు నిలిచింది, ఎవరు ఉల్లంఘించారు అని అడుగుతాం. ఎవరెవరి మధ్య కుదిరింది, ఎవరు ఆ గది బయట ఉండిపోయారు అన్న ప్రశ్న అరుదుగా వేస్తాం. ఆ ప్రశ్నను పరీక్షించడానికి బర్మా కన్నా తగిన దేశం లేదు. ఆ దేశపు సైనిక పాలన చరిత్రలో తెలుగువారికీ ఒక అధ్యాయం ఉంది. అయితే మనం దానిని మిగతా పుస్తకం నుంచి చించి వేరుగా దాచుకున్నాం.

బర్మా గురించిన పరిశోధనలు రెండు అరలలో కనిపిస్తాయి. మొదటి అరలో సాయుధ జాతుల చరిత్ర ఉంటుంది. మార్టిన్ స్మిత్ 1991లో ప్రచురించిన ‘బర్మా: ఇన్‌సర్జెన్సీ అండ్ ద పాలిటిక్స్ ఆఫ్ ఎత్నిసిటీ’, మేరీ కల్లహన్ 2003లో వెలువరించిన ‘మేకింగ్ ఎనిమీస్’ అందులోవి. కరెన్, కచిన్, షాన్, వా దళాలు, వాటితో పోరాడుతూ రాజ్యాన్నే మింగిన సైన్యం ఈ గ్రంథాల కథావస్తువు. రెండవ అరలో వలస వెళ్ళిన భారతీయుల చరిత్ర ఉంటుంది. నళినీ రంజన్ చక్రవర్తి 1971లో వెలువరించిన ‘ద ఇండియన్ మైనారిటీ ఇన్ బర్మా’, దక్షిణ భారత శ్రామికుల వలసపై అడపా సత్యనారాయణ చేసిన పరిశోధన ఇక్కడివి. రెండింటిలోనూ విలువైన కృషి ఉంది. కానీ ఒక అర చదివినవారికి రెండవ అర గుర్తు రాదు. కరెన్ల తిరుగుబాటు ఒక సమస్యగా, తెలుగు కూలీల వెళ్ళగొట్టుడు మరొక సమస్యగా మిగిలిపోయాయి. ఈ రెండూ ఒకే ఏర్పాటుకు రెండు కొసలని నా వాదన.

ఆ ఏర్పాటును వలస పాలనే కల్పించింది. బ్రిటిష్ వారు బర్మాలో సైన్యానికి కరెన్, కచిన్, చిన్ జాతుల నుంచి మనుషులను ఎంచుకున్నారు. రేవులకూ బియ్యం మిల్లులకూ కోరమాండల్ తీరం నుంచి కూలీలను రప్పించారు. మెజారిటీ బమార్లు రెండింటికీ వెలుపల ఉండిపోయారు. కనుక వారి జాతీయవాదానికి కొండ మీది సిపాయీ, రేవులోని కూలీ ఇద్దరూ తెల్లవాడి చేతికర్రలుగానే కనిపించారు.

ఉత్తరాంధ్ర పల్లెలలో రంగూన్‌కు ‘రంగం’ అని పేరు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి మేస్త్రీల వద్ద అప్పు పుచ్చుకుని, ఆ అప్పుకే కట్టుబడి వేలాదిమంది రంగం వెళ్ళారు. కోరింగ రేవు పేరు మీదుగా బర్మీయులు వారిని కొరంగీలన్నారు. భారతీయులందరికీ కలిపి ‘కలా’ అన్న మాట ఉంది. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగర జనాభాలో సగం కన్నా ఎక్కువ వారే.

అంతకు ముందు సంవత్సరం జరిగిన సంఘటన ఈ వ్యాసానికి కీలకం. ఓడలకు సరుకు ఎక్కించి దించే పనిలో అత్యధికులు తెలుగువారు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. గుత్తేదారులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. కొద్ది రోజులకే సమ్మెదారులతో రాజీ కుదిరింది; కూలి పెంచారు. కొత్తగా చేరిన బర్మీయులను ఇక అక్కరలేదని పంపేశారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకి, వంద మందికి పైగా బలి తీసుకుంది. చనిపోయినవారిలో చాలామంది తెలుగువారు. మనం దీనిని తెలుగువారిపై జరిగిన దాడిగానే గుర్తుంచుకున్నాం. ఆ మాట నిజమే. కానీ ఆ రాజీ ఎవరి మధ్య కుదిరిందో కూడా చూడాలి. యజమానికీ సమ్మెదారుకూ మధ్య కుదిరిన ఆ ఒప్పందంలో మూడో పక్షానికి చోటు లేకపోయింది. ఆనాడు ఒప్పందం లోపల ఉన్నది మనవాళ్ళు. బయట ఉన్నది అంతే పేదవాడైన బర్మా కూలీ. గుత్తేదారు ఇళ్ళు భద్రంగా ఉన్నాయి. కత్తులు మాత్రం కూలీల పేటల మీద పడ్డాయి.

1942లో రెండు కథలూ ఒకే నెలల్లో ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు అరకాన్, మణిపూర్ దారులలో కాలినడకన బయలుదేరారు. వేలమంది దారిలోనే ఆకలికీ జబ్బుకూ రాలిపోయారు. అదే సంవత్సరం ఐరావతి డెల్టాలోని మ్యాంగ్‌మ్యా ప్రాంతంలో కొత్తగా పుట్టిన బర్మా ఇండిపెండెన్స్ ఆర్మీ కరెన్ పల్లెలపై విరుచుకుపడింది. బ్రిటిష్ రాజ్యపు గోడ కూలగానే దానికి ఆనుకుని ఉన్న ఇద్దరి మీదా ఇటుకలు పడ్డాయి. కరెన్లు ఆ అనుభవం నుంచి తుపాకీ పట్టడం నేర్చుకున్నారు. 1949 జనవరిలో వారి యుద్ధం మొదలైంది. తెలుగువారికి పట్టుకోవడానికి కొండ లేదు, దళం లేదు. కొందరు తిరిగి రంగం చేరారు, కొందరు ఊళ్ళోనే ఉండిపోయారు.

1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో ఆంగ్ సాన్ షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం చేసుకున్నాడు. సరిహద్దు ప్రాంతాలకు స్వయంపాలన ఇస్తామన్న ఆ మాట మీదే స్వతంత్ర బర్మా నిలిచింది. కరెన్లు పరిశీలకులుగానే వచ్చారు. అయిదు నెలలకే ఆంగ్ సాన్ హత్యకు గురయ్యాడు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. సమాఖ్య పేరుతో దేశం ముక్కలవుతుందన్నది సైన్యం చెప్పిన కారణాలలో ముఖ్యమైనది. అక్కడి నుంచి రెండు చేతులతో రెండు పనులు జరిగాయి. కొండల్లో తిండి, డబ్బు, సమాచారం, మనుషులు తిరుగుబాటుదారులకు అందకుండా పల్లెలనే ఖాళీ చేయించే ‘నాలుగు కోతల’ విధానం వచ్చింది. మైదానంలో జాతీయకరణ వచ్చింది. 1964లో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. కొద్ది సంవత్సరాలలో లక్ష మందికి పైగా భారతీయులు ఓడలెక్కి తిరిగి వచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు.

ఆ ఖాళీ చేయించిన పల్లెనూ, ఆ మూయించిన కొట్టునూ ఒకే సైన్యం ఒకే తర్కంతో ముట్టుకుంది: నేల ఎవరిదో నిర్ణయించే హక్కు తనదని. ఇద్దరిలో ఒకరి చేతిలో తుపాకీ ఉంది. అందువల్ల అతనితో ఏనాటికైనా మాట్లాడక తప్పదు. రెండోవాడితో మాట్లాడవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. అతనికి చట్టం సరిపోయింది. 1982 పౌరసత్వ చట్టం 1823కు, అంటే మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధానికి ముందు ఏడాదికి, గీత గీసింది. ఆ గీతకు పూర్వం నుంచీ ఉన్న జాతులే స్వదేశీయులు. సైనిక పాలకులు ప్రచారంలో పెట్టిన 135 జాతుల జాబితాలో తెలుగువారు లేరు, తమిళులు లేరు, రోహింగ్యాలు లేరు. వలస వచ్చినవారి మూడో తరానికి పూర్తి పౌరసత్వం దక్కే దారి చట్టంలో ఉంది. ఆ దారి అధికారి బల్ల మీదుగా పోతుంది.

ఇప్పుడు కాల్పుల విరమణల సంగతి. 1988 ఉద్యమాన్ని అణచివేశాక సైన్యానికి ఊపిరి తీసుకోవలసిన అవసరం వచ్చింది. 1989లో బర్మా కమ్యూనిస్టు పార్టీ లోపలి తిరుగుబాటుతో కుప్పకూలింది. దాని నుంచి చీలిన కోకాంగ్, వా దళాలతో గూఢచారి విభాగాధిపతి ఖిన్ న్యుంట్ ఒప్పందాలు మొదలుపెట్టాడు. చాలా వరకు అవి నోటిమాటలే. దళాలు ఆయుధాలు దగ్గరే ఉంచుకోవచ్చు, తమ ప్రాంతాన్ని ఏలుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. రాజకీయాలు మాత్రం కొత్త రాజ్యాంగం వచ్చాక. 1994లో కచిన్ ఇండిపెండెన్స్ ఆర్గనైజేషన్ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంది. ఆ పదిహేడేళ్ళలో కచిన్ రైతులు ఊళ్ళకు తిరిగి వచ్చారు, బళ్ళు తెరుచుకున్నాయి. ఆ ఊరటను తక్కువ చేయకూడదు. కానీ అదే కాలంలో ఫకాంత్ పచ్చరాతి గనులు సైన్యం చేతికీ దాని అనుయాయుల చేతికీ పోయాయి. అడవులు కలపగా, పొలాలు కంపెనీల తోటలుగా మారాయి. కెవిన్ వుడ్స్ 2011లో దీనికి ‘సీజ్‌ఫైర్ క్యాపిటలిజం’ అని పేరు పెట్టాడు. యుద్ధంతో చొరబడలేని చోటికి సైన్యం కౌలు పత్రాలతో చొరబడిందన్నది అతని వాదనలోని సారం. గనుల దగ్గర, కంచెల దగ్గర నిలబడ్డ కచిన్ రైతు ఆ ఒప్పందంలో పక్షం కాదు. అతని పేర సంతకం పెట్టినది దళం.

రాజకీయాలు వాయిదా వేసినందుకు మూల్యం తరవాత తెలిసింది. 2007లో కచిన్ సంస్థ రాజ్యాంగ సదస్సుకు పంపిన 19 అంశాల ప్రతిపాదనను పక్కన పెట్టారు. 2008 రాజ్యాంగం చట్టసభలలో నాలుగో వంతు స్థానాలను సైన్యానికి కట్టబెట్టింది. 2009లో దళాలన్నీ సైన్యం కింద సరిహద్దు రక్షక దళాలుగా మారాలన్నారు, కచిన్ ఒప్పుకోలేదు. 2011 జూన్‌లో యుద్ధం తిరిగి మొదలై లక్షమందిని నిరాశ్రయులను చేసింది. 2015 అక్టోబరు 15న దేశవ్యాప్త కాల్పుల విరమణ ఒప్పందం అని పేరుపెట్టిన పత్రంపై ఎనిమిది దళాలే సంతకం చేశాయి. వా, కచిన్ వంటి పెద్ద దళాలు అందులో లేవు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంది. 2023 అక్టోబరు 27న మూడు దళాల కూటమి దాడి మొదలుపెట్టాక చైనా కున్‌మింగ్‌లో మధ్యవర్తిత్వం వహించింది. 2024లో కోకాంగ్ దళం పట్టుకున్న లాషియో నగరాన్ని 2025 ఏప్రిల్‌లో తిరిగి సైన్యానికి అప్పగించింది. అందులో చైనా ఒత్తిడి దాగనిది. పూచీ పడినవాడే పెద్దమనిషి అవుతాడన్న సూత్రం ఒమాన్ తీరంలోనూ సల్వీన్ లోయలోనూ ఒక్కటే.

సాయుధ జాతుల పోరాటాన్ని నేను చిన్నబుచ్చడం లేదు. డెబ్బై ఏళ్ళుగా సైన్యపు దౌష్ట్యాన్ని నిలువరించింది వారే. కానీ జాతి పేరుతో తుపాకీ పట్టినవాడు గెలిచిన చోట, జాబితాలో లేనివాడి గతి ఏమిటన్నది మొదటి అరలోని గ్రంథాలు తగినంత గట్టిగా అడగని ప్రశ్న. రఖైన్ రాష్ట్రం ఇప్పుడు దానికి జవాబు చెబుతోంది. 2017లో సైన్యం ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలను బంగ్లాదేశ్‌కు తరిమింది. నేడు ఆ రాష్ట్రంలో అత్యధిక భాగం అరకాన్ ఆర్మీది. మిగిలిన రోహింగ్యాలపై దాని దళాలు కూడా హత్యలకు పాల్పడ్డాయని మానవ హక్కుల సంస్థలు ఆరోపించాయి. ఇటు 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని అమలుచేసిన సైన్యం, పౌరులే కాదన్న అదే రోహింగ్యాలను పట్టుకెళ్ళి యూనిఫారం తొడిగింది. పౌరసత్వం పత్రంలో లేని పేరు సైన్యపు హాజరు పట్టీలో దొరికింది.

రెండవ అర, అంటే మన అర, చేసిన పొరపాటు వేరు. బర్మా నుంచి వచ్చినవారి కథను పోయిన ఆస్తి, నడిచిన దారి, వదిలిన ఇల్లు అన్నంతవరకే చెప్పుకున్నాం. మనల్ని వెళ్ళగొట్టిన చెయ్యి అదే వారంలో కొండ మీద ఏ పల్లెను కాల్చిందో అడగలేదు. మోల్‌మైన్, బగో ప్రాంతాలలో నేటికీ తెలుగు కుటుంబాలున్నాయి. వారి క్షేమం నేపిడాలో ఏ జనరల్ ఉన్నాడన్నదాని మీదే కాక, రేపు సమాఖ్య బర్మా అంటూ ఒకటి ఏర్పడితే దాని పౌరసత్వ చట్టం 1823 గీతను చెరిపేస్తుందా అన్నదాని మీద ఆధారపడి ఉంది. ఆ చట్టాన్ని మారుస్తామని సైన్యాన్ని ఎదిరిస్తున్న జాతీయ ఐక్యతా ప్రభుత్వం 2021 జూన్‌లో రోహింగ్యాల విషయంలో మాట ఇచ్చింది. దానిని నిలబెట్టుకోవలసిన ఒత్తిడి బయటి నుంచే రావాలి. లోపల దాని కోసం తుపాకీతో పోరాడే తెలుగు దళమేదీ లేదు.

గల్ఫ్‌లోనో, సింగపూర్‌లోనో, అమెరికాలోనో కొలువులు చేసుకుంటున్న మనం సాధారణంగా వీసా, స్థిరనివాస పత్రం, పౌరసత్వం అన్న మెట్ల వరుసలో ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటాం. రంగూన్ రేవులో 1930లో సమ్మె గెలిచిన కూలీ కూడా తాను ఒప్పందం లోపల ఉన్నాననే అనుకున్నాడు. అతని మనుమలు 1964లో ఓడ ఎక్కారు. ఇకపై ఏ దేశంలో ఏ కాల్పుల విరమణ వార్త చదివినా, సంతకాలు చేసినవారి ఫోటో చూశాక, ఆ ఫోటోలో లేనివారెవరో ఒకసారి లెక్కపెట్టుకోవడం బర్మా మనకు నేర్పవలసిన చదువు.